ఆ చివరి వాక్యం నాది

మంగళవారం మధ్యాహ్నం ఐదో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతుండగా, పత్రికలో టీవీ పేజీ రాసే విమర్శకుడు నాకు ఫోన్ చేశారు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. పేరు తెలుసు, రాతలు తెలుసు. నా భార్య పోయిన సంగతి తమకు ఆలస్యంగా తెలిసిందని చెప్పి, విషయానికి వచ్చారు.

"శనివారం కుట్టుపోటీ కొత్త సీజన్ మొదలవుతోంది సార్. ఆ రోజు మా పేజీలో బొత్తాం గారికి నివాళిగా సగం పేజీ ఇద్దామనుకుంటున్నాం. పైన పెద్ద అక్షరాల్లో ఆవిడ వాక్యం వేస్తాం. మీకు అభ్యంతరం లేదు కదా?"

"ఏ వాక్యం?" అన్నాను. తెలిసే అడిగాను.

"అదే సార్. 'కండక్టరమ్మ కోటు కంటే కన్నీళ్ళు బాగా కుట్టింది.' టీవీ గురించి ఈ మధ్యకాలంలో అంత మాట ఎవరూ అనలేదు."

రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాను. దిద్దాల్సినవి ఇంకా పదకొండు పుస్తకాలున్నాయి. వాటిని అలాగే కట్టగట్టి బల్ల సొరుగులో పెట్టాను.

ఆ వాక్యం నా భార్యది కాదు. నాది.

ఆమె ఆసుపత్రి కుట్టుగదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. చిరిగిన దుప్పట్లు, నాడాలు ఊడిన ఆపరేషన్ గౌన్లు, అంచులు పోయిన దిండు గలీబులు. రోజంతా అదే కుట్టి వచ్చి, శనివారం సాయంత్రం ఆరింటికి టీవీలో మళ్ళీ కుట్టుపోటీ చూసేది. పోటీలో పదిమంది ఉండేవారు. దర్జీలు కారు, వేరే పనులు చేసుకుంటూ ఇంట్లో కుట్టుకునేవాళ్ళు. వాళ్ళని పేర్లతో కాక పనులతో పిలిచేవారు: నర్సు, పోస్ట్‌మాన్, ప్లంబర్, కండక్టరమ్మ. వారానికొకరు ఇంటికి పోయేవారు. పత్రిక వాళ్ళ వెబ్‌సైటులో ఆ కార్యక్రమం మీద ఒక చర్చాపేజీ ఉంది. అందులో ఆమె ప్రతి వారం ఒక సమీక్ష రాసేది. అక్కడ ఆమె పేరు బొత్తాం.

ఆమె టీవీ ముందు చిన్న పీట వేసుకుని, ఒళ్ళో ఖాకీ కాగితం పెట్టుకుని కూర్చునేది. సగంసేపు శబ్దం తీసేసేది.

"ఆ సంగీతం వింటుంటే కళ్ళు పనిచెయ్యవండీ. ఎక్కడ ఏడవాలో అదే చెప్పేస్తుంది," అనేది.

ఒకసారి మొదలైన ఐదు నిమిషాలకే, "ఈ వారం ప్లంబర్ ఇంటికి," అంది.

"ఇంకా కత్తెరే పట్టుకోలేదు కదా అతను."

"వాళ్ళమ్మని చూపించారు. మొదట్లో అమ్మని చూపించారంటే ఆఖర్లో కొడుకు సంచి సర్దుకోవడమే."

అతను సంచి సర్దుకున్నాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "పాపం, కాజాలు బాగా కుట్టాడు. ఒక్కసారి దగ్గరగా చూపిస్తే ఏం పోయేది," అంది.

ఆమెకు ఆ కార్యక్రమం అంటే ప్రాణం, దాన్ని తీసేవాళ్ళంటే కోపం. బట్ట తిరగేస్తేనే కుట్టినవాళ్ళ బుద్ధి తెలుస్తుందని, వీళ్ళు బట్టలు వదిలేసి మనుషుల్ని తిరగేస్తారని అనేది. తను మాత్రం మనిషి గురించి ఒక్క మాట రాసేది కాదు. ఎవరు ఏడ్చారు, ఎవరు ఎవరితో పోట్లాడారు అన్నది ఆమె సమీక్షల్లో ఉండదు. జేబు ఎక్కడ పెట్టారు, లైనింగు ఎందుకు లాగింది, ఎవరి కాలరు ఎందుకు నిలబడింది, ఇంతే. మూడు నాలుగు వందలమంది ఆ రాతల కోసమే ఎదురుచూసేవారు.

ఆమెకు టైపు చెయ్యడం చాతకాదు. శనివారం సాయంత్రం ఖాకీ కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఇచ్చేది. ఆదివారం పొద్దున నేను దాన్ని దిద్ది, టైపు చేసి, చర్చాపేజీలో పెట్టేవాణ్ణి. తర్వాత ఆమె ఆ కాగితాన్నే తిరగేసి, దాని మీద బట్టల నమూనాలు గీసుకుని కత్తిరించుకునేది. దిద్దడం నా వృత్తి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎర్ర కలంతో బతికినవాణ్ణి. ఆమె వాక్యాలు మనిషి నడిచినట్టుండేవి. నేను వాటిని వరసలో నిలబెట్టేవాణ్ణి. రెండు సీజన్లు, పదహారు వారాలు అలా సాగింది. నేను ఏం మార్చినా ఆమె అడిగేది కాదు. పెట్టాక ఫోన్లో చూసుకుని, "బావుంది," అనేది.

రెండో సీజన్ ఆరో వారంలో, తమకు ఇష్టమైన మనిషికి కోటు కుట్టమన్నారు. కండక్టరమ్మ కిందటేడు చనిపోయిన తన తమ్ముడికి కుట్టింది. కుట్టేటప్పుడు ఏడ్చింది, బొమ్మకు తొడిగేటప్పుడు ఏడ్చింది. కోటు ఎడమ భుజం జారిందని ముగ్గురు జడ్జీలూ చెప్తున్నప్పుడు ఏడుస్తూ నిలబడింది తప్ప ఒక్క జవాబూ చెప్పలేదు. ఆ వారం ఆమెనే పంపించేశారు. టీవీలో ఏడుపంటే నాకు గిట్టదు. నా పక్కన నా భార్య శబ్దం తీసేసి, ఆ కోటునే చూస్తోంది.

మర్నాడు పొద్దున దిద్దడానికి కూర్చున్నప్పుడు, చివర్లో ఆ భుజం గురించి నాలుగు వాక్యాలున్నాయి. అన్నీ కొలతలూ లెక్కలూ. చదివేవాళ్ళకు విసుగు పుడుతుందనిపించి కొట్టేశాను. కొట్టేశాక ముగింపు లేకుండా పోయింది. టీ తాగుతూ ఆలోచిస్తే ఆ వాక్యం తట్టింది. అది తట్టినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు దాచడం దేనికి. ఒకటికి రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఆమె వంటింట్లో ఉంది. పిలిచి వినిపించి ఉండవచ్చు. వినిపించలేదు.

సోమవారం విమర్శకుడు తన కాలమ్‌కు ఆ వాక్యాన్నే శీర్షికగా పెట్టారు. రెండు రోజుల్లో అది అందరి నోళ్ళలోకీ వెళ్ళింది. స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు దాన్ని చదివి వినిపించినప్పుడు, "మా ఆవిడే రాసింది," అన్నాను. ఆ చెప్పడంలో నా భాగం ఎంతో వాళ్ళకు అర్థమయ్యేలాగే చెప్పాను.

ఆ సాయంత్రం ఆమె పనినుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడింది.

"చివర్లో ఆ మాట నేను రాయలేదు కదండీ."

"రాయలేదు. కానీ వ్యాసానికి ముగింపంటూ ఉండాలి."

"నేను భుజం గురించి రాశాను."

"అది ఎవరికీ అర్థం కాదు."

"కండక్టరమ్మకి అర్థమవుతుంది," అంది.

అంతే. తర్వాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. మరుసటి శనివారం ఖాకీ కాగితం తీయలేదు. కళ్ళు లాగుతున్నాయంది. నమ్మాను. ఆ పై శనివారం టీవీ కూడా పెట్టలేదు. కార్యక్రమం బోరు కొట్టి ఉంటుందనుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండానే జబ్బు బయటపడింది. తను పనిచేసిన ఆసుపత్రిలోనే పదకొండు రోజులుంది. కప్పిన దుప్పటి అంచు ఆమె కుట్టిందేనని వార్డు నర్సు నాకు చూపించింది.

విమర్శకుడు ఫోన్ చేసిన సాయంత్రం నేను మొదటిసారి ఆ చర్చాపేజీలో కింద జనం రాసిన మాటలు చదివాను. అంతవరకు చదవలేదు. అలాంటివి చదవడం నా స్థాయికి తక్కువని ఒక అభిప్రాయం ఉండేది. ఆ ఒక్క సమీక్ష కిందే మూడు వందల పైన ఉన్నాయి. మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఎక్కువమంది కండక్టరమ్మ చెప్పిన తమ్ముడి కథ కట్టుకథ అని తేల్చేశారు. ఆమె తిరిగే బస్సెక్కి ఆ వాక్యాన్ని ఆమె ఎదుటే అన్నామని గొప్పగా రాసుకున్నవాళ్ళున్నారు. కొందరు మాత్రం బొత్తాం ఇలా రాస్తుందనుకోలేదని బాధపడ్డారు.

బాధపడిన ప్రతి ఒక్కరికీ నా భార్య జవాబిచ్చింది. ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసి ఉంటుంది. "ఆ మాట నాదే. ముందూ వెనకా చూసుకోలేదు. తప్పు నాది." అరవైమూడు చోట్ల అదే ఉంది. మీ ఇంట్లో మాస్టారు దిద్దుతారని చెప్పారుగా, ఆయనైనా చూడలేదా అని ఒకరు అడిగారు. దానికి ఆమె, "ఆయన అక్షరాలే చూస్తారు. మాట నాది," అని రాసింది.

బుధవారం బడినుంచి వచ్చేసరికి మరదలు ఇంట్లో ఉంది. నా భార్యకు చెల్లెలు. పక్క వీధిలో మందుల దుకాణంలో పనిచేస్తుంది. మా ఇంటి తాళం ఒకటి ఆమె దగ్గర ఉంటుంది.

"బావగారూ, ఫ్రిజ్‌లో పాలు పెరుగయ్యాయి. పెరుగు ఏమయిందో నేను చెప్పలేను," అంది. "మీరు తింటున్నది ఏమిటసలు? సుద్దముక్కలా?"

ఆమెను కూర్చోమని మొత్తం చెప్పాను. వాక్యం నాదని చెప్పినప్పుడు ఆమె తల కూడా ఎత్తలేదు.

"తెలుసు," అంది.

"మీ అక్క చెప్పిందా?"

"అక్కెందుకు చెప్తుంది? అక్కకి అంత వంకర మాట రాదు బావగారూ. తిట్టాలంటే మొహం మీదే తిడుతుంది, తిట్టి టీ ఇస్తుంది. ఇలా నవ్వుతూ పొడవడం చదువుకున్నవాళ్ళ పని."

నేను లేచి ఆ పాలగిన్నె తీసి తూములో ఒంపేశాను.

"ఇప్పుడేం చేద్దామని?"

"చెప్పేద్దామని."

"చెప్తే ఏమవుతుంది? అక్క తనదేనని అరవైసార్లు రాసింది కదా. కాదని మీరంటే అక్క అబద్ధాలకోరవుతుంది. మీకు మనసు తేలికవుతుంది, అక్క పరువు పోతుంది. బావుందా లెక్క?" గొంతు తగ్గించింది. "పోయినవాళ్ళ కళ్ళు చేరెడు. శనివారం పొగుడుతారు, ఆదివారం మర్చిపోతారు. ఊరుకోండి."

"పైన పెద్ద అక్షరాల్లో అదే వేస్తారట."

"ఏది?"

"ఆ వాక్యమే. మీ అక్క పేరు కింద."

ఆమె లేచి కుట్టుమిషన్ పక్కనున్న అలమర తెరిచింది. అందులో నమూనాల కట్టలున్నాయి. నా భార్య పోయాక నేను వాటిని ముట్టుకోలేదు. మరదలు ఒక్కో కట్ట విప్పి, ఒక్కో కాగితం తిరగేసి చూస్తోంది. ముందు భాగాలు, వీపు భాగాలు, నడుము పట్టీలు. అన్నింటి వెనకా పెన్సిల్ రాత ఉంది. కత్తెర వెళ్ళినచోటల్లా వాక్యం తెగిపోయింది. చంక వంపులో ఒక పోస్ట్‌మాన్, మెడ గుండ్రంలో సగం నర్సు.

మూడో కట్టలో, ఒక రవిక చెయ్యి నమూనా వెనక దొరికింది. తెగినంత మేరా నేను జ్ఞాపకంతో పూరించి పైకి చదివాను.

"భుజం ఒక్కటే దిగితే పొరపాటు అనొచ్చు. భుజంతోపాటు చంకా దిగింది, జేబూ దిగింది, మూడూ అదే అరంగుళం. చెయ్యి జారితే ఒక్కచోట జారుతుంది కానీ మూడుచోట్ల ఒకే లెక్కన జారదు కదా. అది ఎవరిదో కొలత, ఎవరిదని ఎవరూ అడగలేదు."

"ఇదేనా మీరు కొట్టేసింది?" అంది మరదలు.

"ఇదే."

ఆమె మిగతా కాగితాలు మళ్ళీ కట్టలు కట్టి అలమరలో పెట్టింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "చెప్పండి," అంది. నా వైపు చూడలేదు.

గురువారం బడి అయ్యాక పత్రికాఫీసుకు వెళ్ళాను. విమర్శకుడి గది మూడో అంతస్తులో ఉంది. గోడకు మూడు టీవీలు, మూడింటికీ శబ్దం లేదు. ఒకదాంట్లో ఎవరో పాడుతున్నారు, ఒకదాంట్లో ఎవరో గోడెక్కుతున్నారు, ఇంకోదాంట్లో ఇద్దరు కౌగిలించుకుని ఏడుస్తున్నారు. ఆయన నాకంటే చిన్నవాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. లేచి కుర్చీ మీది కాగితాలు తీసి నన్ను కూర్చోబెట్టారు.

చెప్పాల్సింది చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆవిడకి ఇది మంచి చేస్తుందా? మా పనిలో వెయ్యి వాక్యాలు రాస్తే ఒక్కటి బతుకుతుంది. ఆవిడకి ఆ ఒక్కటి ఉంది. అది తీసేస్తే..."

"అది ఆమెది కాదు."

"సరే. మరి ఏది వెయ్యమంటారు ఆవిడది? మీరు చెయ్యి పెట్టనిది ఒకటి చెప్పండి."

బస్సులో వచ్చేటప్పుడు నేను దాని గురించే ఆలోచించాను. పదహారు సమీక్షల్లో అలాంటి వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు. చెయ్యి నమూనా తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తెగిన మాటలు నేను చెప్పాను. తర్వాత తన కంప్యూటర్లో పాత కార్యక్రమం తెరిచి, ఆ కోటు దగ్గర ఆపి, ముందుకు వంగి చూశారు. జేబు చూశారు. చంక చూశారు. కొలిచినట్టు తెర మీద బొటనవేలు పెట్టారు.

"నేను ఈ ఎపిసోడ్ నాలుగుసార్లు చూశాను," అన్నారు. "డబ్బులిచ్చి చూడమన్నారు కాబట్టి చూశాను. నాకు ఏడుపే కనిపించింది." కుర్చీలో వెనక్కి వాలారు. "ఆ వాక్యాన్ని ఎత్తి శీర్షిక చేసింది నేను. నా పేరూ రాయండి అందులో. మీరే రాయండి, సగం పేజీ మీది. ఒక్క అక్షరం ముట్టుకోను."

శుక్రవారం సాయంత్రమంతా రాశాను. జరిగింది జరిగినట్టు రాయడం కష్టం కాలేదు. చివరికి వచ్చేసరికి ప్రతిసారీ ఒక మంచి వాక్యం వచ్చి నిలబడేది. కొట్టేసేవాణ్ణి. ఇంకోటి వచ్చేది. నాలుగింటిని కొట్టేసి, ఆమె రాసిన నాలుగు వాక్యాలు యథాతథంగా ఎక్కించి, అక్కడితో ఆపేశాను.

శనివారం అచ్చయింది.

జనం నన్ను నమ్మలేదు. అది నేను ఊహించనిది. తిడతారని సిద్ధపడ్డాను. చర్చాపేజీ నిండా, బొత్తాం తప్పును ఆమె భర్త తన మీద వేసుకున్నాడని, ఈ రోజుల్లో అలాంటి మనుషులుంటారా అని రాశారు. ఆవిడే తనదని అన్నిసార్లు ఒప్పుకుంది, ఆయన ప్రేమకొద్దీ అలా అంటున్నాడు, మనం అర్థం చేసుకోవాలి అని ఒకావిడ సర్దిచెప్పింది. కాదని నేను రాస్తే, "మీ మంచితనం," అని బదులు వచ్చింది. మూడుసార్లు రాసి మానేశాను. మరదలు ఆదివారం వచ్చి, ఫోన్లో అవన్నీ చదివి, "బావగారూ, మీకు సన్మానం చేసేలా ఉన్నారు," అంది. అని, వెంటనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం భోజనాల విరామంలో, పిల్లలు బయట ఉండగా, కండక్టరమ్మ మా తరగతి గదికి వచ్చింది. టీవీలో కంటే పొట్టిగా ఉంది. యూనిఫాంలోనే ఉంది, భుజాన టికెట్ సంచి ఉంది. బడి ముందు స్టాపులో దిగానని, తిరుగు ట్రిప్పుకు ఇరవై నిమిషాలుందని చెప్పింది. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"పేపర్లో రాసింది నిజమేనా సార్?"

"నిజమే."

"మీ సంగతి కాదు అడిగేది. మీరు రాశారో ఆవిడ రాశారో అది తర్వాత. ఆ భుజం సంగతి. అది ఆవిడకి నిజంగా కనిపించిందా, టీవీలోనే?"

"కనిపించింది. ఆ సాయంత్రమే రాసింది."

ఆమె నల్లబల్ల వైపు చూసింది. దాని మీద నేను పొద్దున రాసిన నదుల పేర్లున్నాయి.

"మా తమ్ముడు చిన్నప్పుడు మేడమీంచి పడ్డాడు. ఎముక సరిగ్గా అతకలేదు. వాడికి కొన్న చొక్కాలన్నీ ఒక పక్కకి జారిపోయేవి. అందుకే సార్ నేను కుట్టు నేర్చుకున్నది. ముగ్గురు జడ్జీలు చేత్తో పట్టుకుని మరీ చూశారు ఆ కోటుని." నల్లబల్ల నుంచి నా వైపు తిరిగింది. "ఆవిడ నా దగ్గరికి వచ్చారు తెలుసా మీకు?"

నాకు తెలియదు.

"డిపోకి వచ్చారు. మేం రెస్టు తీసుకునే గది ఉంటుంది, అక్కడికి. ఆ మాట నేనే రాశానమ్మా, క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు అన్నారు. అప్పటికి నెల్లాళ్ళుగా నా బస్సులో రోజుకొకడు ఆ మాట అంటున్నాడు. చిల్లర ఇస్తూ అనేవాళ్ళు. నేను ఆవిణ్ణి కూర్చోమనలేదు. అరగంట నిలబడే ఉన్నారు. మరి ఈ భుజం సంగతి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు సార్? ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఆవిడ కాళ్ళు పట్టుకునేదాన్ని."

జవాబు నాకు తెలుసు.

"అది చెప్తే, అంత చూసినావిడ ఇంత మాట ఎలా రాసిందని మీరు అడుగుతారు. అడిగితే నా పేరు చెప్పాలి."

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"నేనొక మాట అన్నాను ఆవిణ్ణి. చచ్చేదాకా ఈ మాట నీ వెంటే రావాలి, చచ్చాక కూడా నీ పేరు పక్కనే ఉండాలి అన్నాను. తల ఊపారు. సరేనమ్మా అన్నారు. అలాగే వెళ్ళిపోయారు." టికెట్ సంచి పట్టీ పట్టుకుంది. "పోయారని తెలిసినప్పుడు నాకేమీ అనిపించలేదు సార్. శనివారం పొద్దుటిదాకా ఏమీ అనిపించలేదు."

"ఆ మాట నన్ననండి," అన్నాను. "అది నాకు చెందాల్సింది. ఇప్పుడైనా అనండి."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు నా దగ్గర లేదు సార్. అంతా ఆవిడకే ఇచ్చేశాను."

గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ లోపలికి వచ్చారు. ఆమె వాళ్ళకు దారి ఇస్తూ గోడ వైపుకు ఒదిగి, ఒక చెయ్యి కిటికీ ఊచ మీద పెట్టి నిలబడింది. అందరూ తమ తమ చోట్ల కూర్చునేవరకు చూసి, అప్పుడు వెళ్ళింది.

నేను పుస్తకాలు తీయమన్నాను. ఎన్నో పేజీ మాస్టారూ అని అడిగారు.